గాలి ఎవరి పక్షం

మా బాబాయి ఇరిగేషన్ శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. చెరువంటే ఆయనకి కట్ట, తూము, అలుగు, ఆయకట్టు. మా చెల్లెలు సుమతి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కొన్నేళ్ళుగా హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పందేలకి పోతోంది, ఈమధ్యే అక్కడి ఒక చిన్న క్లబ్బుకి సెక్రటరీ అయింది. పందేల సంగతి బాబాయి ఎలాగో ఓర్చుకున్నారు గానీ, ఆ పదవి మాత్రం గిట్టలేదు. మొన్నొక ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ పట్టుకున్నారు. నేను వక్కపొడి నములుతూ విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నా, నా మొగ్గు ఎటో మధ్యలో బయటపడితే పడనీ.

బాబాయి: సెక్రటరీవయ్యావట. శుభం. ఒక్కటి చెప్పు. ఉద్యోగమంతా చెరువుల మీద బతికినవాణ్ణి, ఆ నీళ్ళలో చెయ్యి ముంచాలంటే నాకే జంకు. నువ్వు దాంట్లో తిరిగేది చాలక ఊళ్ళో పిల్లల్ని కూడా పోగేసి తిప్పుతానంటావేమిటే?

సుమతి: పడితే లేస్తాం బాబాయ్. ఇంటికొచ్చి రెండుసార్లు తలంటుకుంటాం.

బాబాయి: నవ్వులాట కాదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562లో కట్టిన చెరువది. 1920లో ఉస్మాన్ సాగర్, ఆ వెనక హిమాయత్ సాగర్ వచ్చేదాకా ఊరికి తాగునీళ్ళిచ్చింది. ఇవాళ కూకట్‌పల్లి నాలా దాంట్లోకి ఏం మోసుకొస్తోందో నీకు తెలీదా? ముందు నాలా బాగుపడాలి, ఆ తర్వాత పందేలు.

సుమతి: మీరు చెప్పిన వరసలో పోతే పందెం నా మనవలు వేసుకోవాలి. అయినా నాలా గురించి గొడవపడేది ఎవరు? కట్ట మీద కారులో పోయేవాడికి అదొక వాసన, అద్దం ఎక్కించుకుంటే అయిపోయింది. మాకు అలా కుదరదు. గుర్రపుడెక్క ఏ మూల నుంచి కదిలిందో, ఏ వారం నీళ్ళు పచ్చబడ్డాయో ముందు తెలిసేది మాకే. నిమజ్జనమయ్యాక తియ్యకుండా వదిలేసిన ఇనప చట్రాలు ఎక్కడున్నాయో మా డాగర్ బోర్డులు చెబుతాయి.

బాబాయి: అదేమిటి?

సుమతి: పడవ నడిమి నుంచి నీళ్ళలోకి దింపే పలక. అది చట్రానికి కొట్టుకుంటే పడవ ఉన్నచోట ఆగిపోతుంది, మనిషి ఆగడు. అలాంటి చోట్లన్నీ పటం గీసి ఆఫీసులో ఇచ్చొస్తాం.

బాబాయి: ఇచ్చొస్తే?

సుమతి: మళ్ళీ వెళ్ళి ఇచ్చొస్తాం. సెక్రటరీ పని సగం అదే.

బాబాయి: సరే, పందెమే కావాలంటే సముద్రం లేదూ? విశాఖపట్నం ఉంది, ముంబయి ఉంది. చుట్టూ ఊరున్న చెరువే దొరికిందా?

సుమతి: వానాకాలం ముంబయి రేవులో పడవలన్నీ ఒడ్డుకెక్కించేస్తారు, ఆ అలలకి చిన్న పడవలు ఆగవు. సరిగ్గా అప్పుడే మన దగ్గర మంచి గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి దక్కను మీదుగా వస్తుంది, చెరువులో మాత్రం సముద్రపు అల లేదు. అందుకే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వానాకాలంలో పెడతారు. దేశం నలుమూలల నుంచీ, సైన్యం, నౌకాదళం నుంచీ లేజర్ అనే చిన్న పడవలవాళ్ళు ఇక్కడికే వస్తారు.

బాబాయి: ఆ గాలి నాకు తెలియకేం. కట్టకి రాతి పరుపు పరిచేది ఆ గాలి కోసమే. గాలి నీళ్ళ మీద ఎంత దూరం అడ్డం లేకుండా వస్తుందో చూసి, అల ఎంత లేస్తుందో లెక్కగట్టి, కట్ట ఎత్తు ఖాయం చేస్తాం.

సుమతి: ఆ గాలికి ఎదురుగా పడవ పోతుందని లెక్కగట్టారా?

బాబాయి: పోతుంది. ఎందుకు పోదు? చాప విమానం రెక్కలా పనిచేస్తుంది. దాని మీద పుట్టే బలం చాలావరకు పక్కకి, కొంత ముందుకి. నువ్వు చెప్పిన పలక పక్కకి జారనివ్వదు. మిగిలిన ఆ కొంతా పడవని ముందుకి లాగుతుంది. సూటిగా గాలి ముఖంలోకి పోలేదు గానీ, ఇటు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీలు, వంకరటింకరగా ఎక్కొచ్చు.

సుమతి: మీకు కాగితం మీద తెలుసు. నాకు అదీ తెలీదు. తెరచాపంటే గాలి వీపున తోస్తే పోయేదనుకునేదాన్ని. ఒక వానాకాలం మా ఆఫీసావిడ, జోడీ రాలేదని నన్ను ఇద్దరు కూర్చునే పడవలోకి ఎక్కించింది. ఆవిడ లాగమన్న తాడు లాగాను. పడవ ఒరిగింది, మేమిద్దరం అంచు మీద నుంచి వెనక్కి వేలాడాం, అది గాలి వచ్చేవైపే పోతోంది. చుట్టూ అలాంటివే పది పడవలు, సగం ఇటు, సగం అటు. మాకన్నా వెనకున్న పడవ అవతలి ఒడ్డువైపు పోయి, తిరిగొచ్చేసరికి మా ముందుంది. ఎలా జరిగిందో అర్థం కాలేదు. అది అర్థం చేసుకోవాలనే మర్నాటి నుంచి వెళ్ళాను.

బాబాయి: గాలి తిరిగుంటుంది.

సుమతి: పది డిగ్రీలు. ఒడ్డున పెద్ద భవనాలు, నడుమ బుద్ధుడి విగ్రహం, ఇటు చెట్లు. హుస్సేన్ సాగర్ గాలి ఒక దిక్కున నిలవదు. గాలి తిరిగినప్పుడు ఇటున్నవాడికి చుట్టి రావాల్సిన మార్కు దగ్గరవుతుంది, అటున్నవాడికి దూరమవుతుంది. నీళ్ళ రంగు చూసి అది ముందే కనిపెట్టాలి. నల్లగా గీరుకున్నట్టు కనిపిస్తే అక్కడ గాలి దిగుతోందన్నమాట. బలంతో, వయసుతో గెలిచే ఆట అయితే నేను ముప్పై దాటాక దాని జోలికి పోయేదాన్నే కాదు.

బాబాయి: బలం అక్కర్లేదేమో, డబ్బు కావాలి. ఉన్నవాళ్ళ ఆటకి నువ్వు ఊడిగం చేస్తున్నావు.

సుమతి: డబ్బుతో కొనగలిగే ఆటే, కాదనను. కొత్త లేజరంటే లక్షల మాట. కానీ ఆ పడవ పుట్టిందే డబ్బున్నవాడి చేతిలో తేడా రాకుండా. 1969లో బ్రూస్ కర్బీ అనే కెనడా ఆయన గీసిన పడవ. ఎవరి దగ్గర కొన్నా 4.2 మీటర్ల పొడవే, 59 కిలోల బరువే, ఒకే కొలత చాప. సొంత తెలివితో మార్చుకోకూడదు. ఒళ్ళు తేలికైన వాళ్ళకి అదే పడవ మీద చిన్న కొయ్య, చిన్న చాప. పిల్లల పడవ ఆప్టిమిస్ట్ ఇంకా చవక. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ ప్లైవుడ్ పలకలతో చేసిపెట్టిన డబ్బా అది. మామూలు ఇళ్ళ పిల్లలు సొంతంగా చేసుకునేలా ఉండాలనే అలా చేశాడు.

బాబాయి: ఫ్లోరిడా మామూలు ఇల్లు వేరు, మన రసూల్‌పురా మామూలు ఇల్లు వేరు.

సుమతి: పోనీ దేవాస్ జిల్లా చూడండి. నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లో రైతు కూతురు. పడవ నేర్చుకుంది భోపాల్ చెరువులో. 2023 ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చింది, 17 ఏళ్ళకి.

బాబాయి: ఒక్క పిల్ల పేరు చెప్పి ఊరంతటికీ తలుపులు తెరిచామంటే ఎట్లా?

(ఇక్కడ బాబాయిదే పైచేయి అనిపించింది నాకు. పతకం తెచ్చిన పిల్ల పేరు వినపడుతుంది, ఫీజు దగ్గరే ఆగిపోయిన పిల్లల పేర్లు వినపడవు. సుమతి కూడా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత దారి మార్చింది.)

సుమతి: ఆ పిల్ల గెలిచిన లెక్క చెబుతాను, మీకు నచ్చుతుంది. మొదటివాడికి 1, రెండోవాడికి 2, అలా. మొత్తం ఎవరికి తక్కువైతే వాళ్ళది గెలుపు. ఆ 11 పందేల్లో నేహాకి 32 వచ్చాయి. అన్నిట్లోకి చెడ్డ పందెం ఒకటి కొట్టేస్తారు. ఆమె చెడ్డ పందెమే అయిదో స్థానం. 32లో 5 పోగా 27.

బాబాయి: చెడ్డ రోజు ఒకటి కొట్టేస్తారా? బాగుంది. మా శాఖలో అదే మిగిలేది.

సుమతి: గాలి ఒక్కొక్కసారి నిష్కారణంగా ఒకణ్ణి ముంచుతుంది. అందుకని ఆ ఒక్కటి.

బాబాయి: ఇంతకీ తప్పెవరిదో తేల్చేదెవరు? అంత విశాలమైన నీళ్ళ మీద అంపైరు ఎక్కడుంటాడు?

సుమతి: ఉండడు. మామూలు క్లబ్బు పందెంలో నీళ్ళ మీద తీర్పరి ఎవరూ ఉండరు. తప్పు చేసినవాడు తానే శిక్ష వేసుకోవాలి. ఇంకో పడవకి అడ్డమొస్తే, విడిగా జరిగి, గిర్రున రెండు చుట్లు తిరిగి మళ్ళీ పోవాలి. మార్కుని తాకితే ఒక చుట్టు. ఆ రెండు చుట్లలో నాలుగైదు పడవలు దాటిపోతాయి.

బాబాయి: ఎవరూ చూడకపోతే?

సుమతి: అయినా తిరగాలి.

బాబాయి: (నవ్వి) అమ్మాయ్, మేం ఒక ఘనపు మీటరు మట్టి తవ్వితే కొలతల పుస్తకం ఎం-బుక్‌లో రాసేవాడొకడు, చెక్ మెజర్‌మెంట్ చేసేవాడొకడు, వాడి మీద ఇంకొకడు, ఆ పైన విజిలెన్సు. అంతమందిని పెట్టినా మట్టి మాయమయ్యేది. నువ్వు ఎవరూ చూడకుండానే మనిషి చుట్టు తిరుగుతాడంటావు.

సుమతి: అందరూ తిరుగుతారని అనడం లేదు. తిరగనివాడి మీద పక్క పడవవాడు అక్కడికక్కడే "ప్రొటెస్ట్" అని అరవొచ్చు. ఒడ్డుకొచ్చాక కాగితం రాసిస్తే విచారణ. బల్ల మీద బొమ్మ పడవలు పెట్టి ఎవరెక్కడున్నారో, గాలి ఎటుందో జరిపి చూపిస్తారు. సాక్షుల్ని పిలుస్తారు. విని తేల్చేది ముగ్గురు సభ్యులు, కానీ ఆ పందెంతో గానీ ఆ మనుషులతో గానీ ప్రమేయం ఉన్నవాళ్ళు కూర్చోకూడదు.

బాబాయి: పంచాయతీ.

సుమతి: పంచాయతీయే. నేను సెక్రటరీనయ్యాక మొదటి పెద్ద తలనొప్పి దానితోనే వచ్చింది. కుడివైపు నుంచి గాలి తగులుతున్న పడవకి దారి హక్కు. ఎడమవైపు నుంచి తగిలేవాడు తప్పుకోవాలి. మేం పందేలకి తెచ్చుకునే సర్కారు బడి పిల్లల్లో ఒకడు కుడి గాలి మీద వస్తూ "స్టార్‌బోర్డ్" అని గట్టిగా అరిచాడు. ఎదురొచ్చిన కుర్రాడు తప్పుకోలేదు, వీడు చుక్కాని అడ్డంగా తిప్పేసి ఆగిపోవాల్సి వచ్చింది. ఆ కుర్రాడు ఎవరంటే, మా రిపేరు షెడ్డుకి సగం డబ్బిచ్చిన సభ్యుడి కొడుకు.

బాబాయి: అద్గదీ. ఇప్పుడు కథలోకొచ్చావు.

సుమతి: మన పిల్లవాడు కాగితం రాశాడు. నేను వాడికి పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి విచారణలో కూర్చోకూడదు, తప్పుకున్నా. ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. పిల్లల తగువు, విచారణలెందుకు, నువ్వొక మాట చెబితే కాగితం వెనక్కి తీసుకుంటాడు గదా అని. నా చేతుల్లో లేదన్నాను. విచారణ తెలుగులోనే జరిగింది, సాక్ష్యం చెప్పిన ఇంకో పిల్ల బొమ్మ పడవల్ని సరిగ్గా పెట్టి చూపించింది. పెద్దాయన కొడుకుని ఆ పందెం నుంచి తీసేశారు.

బాబాయి: తర్వాత?

సుమతి: ఆయన ఆ తర్వాత సభ్యత్వం పొడిగించుకోలేదు. షెడ్డు గోడల దాకా లేచి ఆగింది.

బాబాయి: చూశావా? నేను మొదట్నించీ అంటున్నది ఇదే. నీకు పడవంటే ఇష్టం. గాలి, నీళ్ళు, ఆ అంచు మీద వేలాడ్డం. ఆ ఇష్టంతో వెళ్ళినదానివి. ఇప్పుడేం చేస్తున్నావు? ఫోన్లలో తిట్లు తింటున్నావు, షెడ్డు గోడలు లెక్కెట్టుకుంటున్నావు, లైఫ్ జాకెట్ల జిప్పులు కుట్టించుకొస్తున్నావు. పందెంలో నువ్వు దిగి ఎన్నాళ్ళయింది?

సుమతి: ఈ సీజన్‌లో తక్కువే.

బాబాయి: పదవి తీసుకోవడమంటే అదే. నేనూ తెలియక తీసుకున్నవాణ్ణే. ఇంజనీరుగా చేరినవాడికి కాలువ గట్టు మీద నడక ఇష్టం. ప్రమోషనిచ్చి ఫైళ్ళ ముందు కూర్చోబెడతారు. ఆ తర్వాత కాలువ కనపడేది జీపులోంచే.

సుమతి: మీకు ప్రమోషన్ ఇచ్చారు. నాకు ఎవరూ ఇవ్వలేదు బాబాయ్. పందెం జరగాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరు దిగకుండా కమిటీ బోటులో కూర్చోవాలి. మొదట్లో వంతుల ప్రకారం నా వంతు వస్తే విసుక్కుంటూ వెళ్ళేదాన్ని, వచ్చినవాళ్ళ చాప నంబర్లు రాయడానికి. అక్కడ కూర్చుంటే మొత్తం పందెం కనపడుతుంది. పడవలో ఉన్నప్పుడు నా చుట్టూ ఉన్న గాలే కనపడేది. ఆ తర్వాత స్టార్ట్ లైన్ వెయ్యడం నేర్పారు. అప్పుడు పట్టింది నాకు అసలు పిచ్చి.

బాబాయి: గీత గియ్యడానికి పిచ్చేమిటే?

సుమతి: కమిటీ బోటు ఒక కొన, తేలే బుడ్డి ఇంకో కొన. ఆ రెంటి నడుమ కనపడని గీత. అది గాలికి అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీలుండాలి. ఒక కొన గాలికి కాస్త దగ్గరైందంటే పడవలన్నీ అటే మూగుతాయి, పందెం మొదలుకాకముందే గొడవ. నిజానికి బుడ్డి కొనకి ఇసుమంత మొగ్గు ఇస్తాం, లేకపోతే అందరూ దారి హక్కు కోసం కమిటీ బోటు పక్కకే వచ్చి ఇరుక్కుంటారు. 5 నిమిషాలకి ఒక జెండా, 4 నిమిషాలకి ఇంకోటి, 1 నిమిషం ఉందనగా అది దింపుతాం, సున్నాకి వదులుతాం. ఆ అయిదు నిమిషాల్లో గాలి తిరిగితే ఎరుపు తెలుపు చారల జెండా ఎత్తి ఆపేస్తాం, బుడ్డి జరిపి మళ్ళీ మొదలు. గీత సరిగ్గా పడితే పడవలు గీత పొడుగునా సమంగా పరుచుకుంటాయి. ఆ రోజు ఒడ్డున ఎవడూ దాని గురించి మాట్లాడడు.

బాబాయి: హూఁ. లెవెల్ సరిగ్గా తీసిన కాలువ గురించీ ఎవడూ మాట్లాడడు. నీళ్ళు పోతాయి, అంతే.

(బాబాయి నోట ఈ మాట రావడంతో రాజీ కుదిరిందనుకున్నాను. కుదరలేదు. ఆయన ఉద్యోగంలో ఎస్టిమేట్లను ఇలాగే ఒక ప్రశ్న అడిగి చింపేవారని విన్నాను.)

బాబాయి: వదిలాక గాలి తిరిగితే?

సుమతి: మార్కు చోటు మార్చొచ్చు. బోటు వేసుకెళ్ళి కొత్త గాలికి ఎదురుగా దింపొస్తారు.

బాబాయి: అదీ కుదరకపోతే?

సుమతి: పందెం రద్దు. నీలం తెలుపు గళ్ళ జెండా, మూడు హారన్లు. అందరూ మొదటికి.

బాబాయి: ముందున్నవాడు ఒప్పుకుంటాడా?

సుమతి: ఒప్పుకోడు. (ఆగి) మొన్న ఆఖరి పందెంలో ముందున్నది మన స్టార్‌బోర్డ్ కుర్రాడే. మొదటి మార్కు తిరిగేసరికి అందరికన్నా చాలా దూరం వెళ్ళిపోయాడు. వాన మబ్బు పట్టింది, గాలి పడమర నుంచి ఉత్తరానికి తిరిగిపోయింది. అప్పటిదాకా తప్పుగా పోయినవాళ్ళకి రాసిపెట్టినట్టు దారి తెరుచుకుంది, సరిగ్గా పోయినవాళ్ళు ఇరుక్కున్నారు. ఎదురు గాలికి ఎక్కడమన్న మాటే మిగల్లేదు, అందరూ ఒక వరసలో ఊరేగింపులా పోతున్నారు. మార్కు జరపాలంటే మాకున్నది ఒకటే మోటారు బోటు. అది బోల్తా పడ్డ ఇద్దరు పిల్లల దగ్గరుంది. రేస్ ఆఫీసర్ని నేనే. గళ్ళ జెండా ఎత్తాను.

బాబాయి: వాడు ముందుండగా?

సుమతి: వాడు ముందుండగానే. మళ్ళీ పెట్టాం. ఏడోవాడిగా వచ్చాడు.

బాబాయి: తప్పు చేశావు.

సుమతి: గాలి అంత తిరిగాక అది పందెం కాదు బాబాయ్, లాటరీ.

బాబాయి: లాటరీ అయితే వాడికే తగిలింది, తగలనివ్వాల్సింది. ఏడాదికోసారి ఆ పిల్లవాడికి గాలి కలిసొస్తే నీ న్యాయం అడ్డం పడాలా? పైగా రద్దుకి కారణం గాలి కాదు. గాలి తిరగడం మీకు కొత్తా? రెండో మోటారు బోటు లేకపోవడం. లోటు మీ క్లబ్బుది, నష్టం వాడిది.

సుమతి: ఒప్పుకుంటా. రెండో బోటుంటే మార్కు జరిపేవాళ్ళం.

బాబాయి: ఆ పెద్దమనిషి ఉండుంటే రెండో బోటు వచ్చేదా?

సుమతి: ...వచ్చేది. మాట అయితే ఇచ్చారు.

బాబాయి: మరి? ఆ రోజు ఫోనులో ఒక్క మాట సర్దుంటే ఇవాళ ఈ పిల్లవాడు గెలిచేవాడు. నీ నిక్కచ్చితనం రెండుసార్లూ వాడి నెత్తినే పడింది.

సుమతి: ఆ రోజు సర్దుంటే వాడు మళ్ళీ స్టార్‌బోర్డ్ అని అరిచేవాడు కాదు. పెద్దింటి చాప నంబరు చూసి ముందే తప్పుకునేవాడు. అలా తప్పుకుంటూ పోయేవాడు మొదటి మార్కు దగ్గర ముందుంటాడా చెప్పండి.

బాబాయి: ఉండకపోవచ్చు. అయినా రద్దు తప్పే. వాడేమన్నాడు?

సుమతి: ఆ రోజు నాతో మాట్లాడలేదు. మరుసటి వారం వచ్చి రూల్ బుక్ అడిగి తీసుకెళ్ళాడు. రద్దు ఎప్పుడు చెయ్యొచ్చో ఉన్న పేజీ మడిచి తెచ్చి, మీరు చేసింది చెల్లుతుందా లేదా అని నన్ను నిలదీశాడు. చెల్లుతుందన్నాను. తను రాత్రంతా చదివితే చెల్లదనిపించిందట. దాని మీద కాగితం రాసిస్తానన్నాడు.

బాబాయి: వాణ్ణి సెక్రటరీని చెయ్యండి.

సుమతి: పద్దెనిమిది నిండాలి. అప్పటిదాకా నేను.

బాబాయి: కుర్చీ ఎక్కినవాళ్ళందరూ అప్పటిదాకా నేనే అంటారు. నాకు ఓటుంటే నీకు వేసేవాణ్ణి కాదు.

సుమతి: సభ్యత్వం తీసుకోండి. సెప్టెంబరులో జనరల్ బాడీ, వచ్చి నాకు ఎదురు వెయ్యండి. షెడ్డు ఎస్టిమేటు కూడా అప్పుడే పెడుతున్నాం, చూసి చింపేవాళ్ళు ఒకరు కావాలి.

బాబాయి: ఎంతేమిటి ఫీజు?

సుమతి చెప్పింది. బాబాయి కళ్ళజోడు తీసి, ఆ ఫీజు ఎవరు నిర్ణయించారు, ఏ లెక్క మీద నిర్ణయించారు, ఆడిట్ ఎవరిచేత చేయించారు అని మొదలుపెట్టారు. మా పిన్ని లోపల్నించి కాఫీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, కట్ట మీద ట్రాఫిక్ పెరిగేలోపు ఎవరి ఇళ్ళకి వాళ్ళు బయల్దేరమంది.